పెదవి కదలకూడదు

మా కాలేజీలో మెకానికల్ బ్రాంచి మూసేస్తున్నారని నాకు ముందుగా చెప్పింది ప్రిన్సిపాల్ గారు కాదు, క్యాంటీన్‌లో టీ పోసే ఆవిడ. "మీ బ్రాంచి ఎత్తేత్తన్నారంట గదండీ మేడంగారూ, మరి మీరేం చేత్తారండీ?" అని అడిగింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. టీ గ్లాసు అక్కడే వదిలేసి ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను.

నిజమేనట. మెకానికల్‌లో చేరేవాళ్లు కొన్నాళ్లుగా లేరు. ఆ సీట్లన్నీ కొత్తగా పెట్టిన ఏఐ బ్రాంచికి ఇచ్చేశారు. మాలో ఉండాలనుకున్నవాళ్లు యూనివర్సిటీ వాళ్ల ఏఐ కోర్సు చేసి, పరీక్ష పాసవ్వాలి. పాసైతే కొత్త బ్రాంచిలో పాఠాలు చెప్పుకోవచ్చు. లేదంటే ఈ ఏడాదితో సరి.

"పదిహేనేళ్లుగా థర్మోడైనమిక్స్ చెబుతున్నదాన్ని, నేను ఏఐ చెప్పడం ఏమిటండీ?" అన్నాను.

"నేర్చుకుంటారు మేడం. అందరూ నేర్చుకుంటున్నారు కదా."

"మాకు నేర్పేవాళ్లెవరు?"

"నేర్చుకున్నవాళ్లే" అన్నారు ఆయన. వెటకారం కాదు, నిజంగానే అన్నారు.

నా సంగతి పరవాలేదు. కొత్తపేట దగ్గర మాకు ఇంత కొబ్బరితోట ఉంది, మా ఆయనకి ఉద్యోగం ఉంది, వయసూ ఇంకా మించిపోలేదు. నా బెంగంతా మా డిపార్టుమెంటులో పెద్దాయన గురించి. నాకంటే చాలా పెద్దవారు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజే, "ఏమ్మా, క్లాసులో భయమేస్తే నా గది పక్కనే, ఓ కేక వెయ్యి" అన్నారు. అప్పటి నుంచి ఆయన్ని అన్నయ్యగారు అనే పిలిచాను. ఆ వయసులో ఆయన్ని ఇంకో కాలేజీ గడప తొక్కనిచ్చేవాళ్లు లేరు. పైగా ఆయనకి పాఠం చెప్పడం తప్ప మరో సరదా లేదు. సెలవుల్లో కూడా ఏదో వంకతో వచ్చి ఖాళీ క్లాసురూముల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూసి వెళ్లేవారు. ఈ వార్త వినగానే ఆయన అన్నది ఒక్కటే. "చాక్‌పీసు లేకపోతే నాకు పొద్దు గడవదమ్మా. నేర్చుకుంటాను."

ఆయన నేర్చుకునే తీరు గురించి ముందే చెప్పాలి. వాళ్ల నాన్నగారు ఘనపాఠి. ఈయనకీ చిన్నప్పుడు ఉపనయనం చేసి వేదం మొదలుపెట్టించారు. సంత చెప్పించుకోవడం అంటారు దాన్ని. గురువు ఒక ముక్క ఒకసారి అంటాడు, శిష్యుడు దాన్ని రెండుసార్లు అంటాడు. పుస్తకం ఉండదు. నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి. కొన్నేళ్లు అలా సాగాక, ఒకరోజు ఆ నాన్నగారే పాఠం మధ్యలో ఆపేసి, "ఇంక దీంతో బతకలేవురా" అని తీసుకెళ్లి బడిలో వేశారట. ఆ తరవాత ఇంజనీరింగు చదివారు, ఉద్యోగం వచ్చింది. చదువు మారింది గానీ చదివే తీరు మారలేదు. ఏది నేర్చుకోవాలన్నా కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, రెండేసి సార్లు అనుకోవాల్సిందే. గుర్తు తెచ్చుకోవాలన్నా అంతే. మార్కెట్లో ఏం కొనాలో కూడా గొణుక్కుంటారని వదినగారు నవ్వేవారు.

యూనివర్సిటీ కోర్సు వీడియోల్లో వచ్చేది. పాఠం చెప్పే మాస్టారు కూడా నిరుడు దాకా సివిల్ ఇంజనీరింగ్ చెప్పినాయనే. ఆ మాట ఆయనే ఒక పాఠంలో నవ్వుతూ ఒప్పుకున్నాడు, అప్పటి నుంచి ఆయన మీద నాకు కోపం పోయి జాలి పట్టుకుంది. కొత్త బ్రాంచిలో క్లాసులు అప్పటికే మొదలైపోయాయి కనక, మేము ఈ వారం నేర్చుకున్నది వచ్చే వారం పిల్లలకి చెప్పేవాళ్లం. ఒకరి నుంచి ఒకరికి అలా చేతులు మారుతూ వచ్చే చదువులో అసలు సరుకు ఎంత మిగులుతుందో నాకు అనుమానమే. అన్నయ్యగారికి మాత్రం ఆ అనుమానాలేమీ లేవు. స్టాఫ్‌రూములో ఓ మూల కూర్చుని వీడియో ఒక ముక్క వినడం, ఆపడం, కళ్లు మూసుకుని రెండుసార్లు అనడం. వెయిట్లు, బయాసులు, లాస్ ఫంక్షన్లు అనే ఆ ఏఐ పాఠం మాటలన్నీ ఆయన నోట ఏదో ఒక రాగంలో పడేవి.

"అన్నయ్యగారూ, ఇది వల్లె వేస్తే వచ్చేది కాదండీ. అర్థం కావాలి" అని ఒకరోజు ఆట పట్టించాను.

"నోటికొస్తే అర్థం వెనకాలే వస్తుందమ్మా" అన్నారు. తరవాత కుర్చీ నా వైపు జరుపుకుని ఉత్సాహంగా చెప్పడం మొదలెట్టారు. "యంత్రానికి మొదట్లో ఏమీ రాదు కదా. ఓసారి చెప్పిస్తాం, తప్పు చెబుతుంది. ఎంత తప్పిందో చూసి కాస్త సర్దుతాం. మళ్లీ చెప్పిస్తాం. తప్పు తగ్గేదాకా అదే పని. మా నాన్నగారు నాకు చేసిందీ ఇదేనమ్మా. పాపం దీనికి తొడపాశం లేదు, అంతే తేడా."

నేను పడీపడీ నవ్వాను. కానీ ఆ సాయంత్రం స్కూటీ మీద ఇంటికి వెళుతూ ఆలోచిస్తే, అన్ని వీడియోలు చూసినా నా బుర్రకెక్కని సంగతి ఆయన రెండు మాటల్లో చెప్పేశారని అర్థమైంది.

ఆయన క్లాసు కూడా అలాగే సాగేది. ఆయన ఒకసారి అనేవారు, పిల్లలు రెండుసార్లు అనేవారు. మొదట్లో సిగ్గుపడి నవ్వుకున్నారు గానీ తరవాత అదొక ఆటైపోయింది. ఉప్పలగుప్తం నుంచి, ఐ.పోలవరం నుంచి వచ్చే రొయ్యల చెరువుల వాళ్ల పిల్లలు కాలేజీ బస్సులో కూడా వల్లె వేసుకుంటూ వెళ్లేవారు. ఒకరోజు ప్రిన్సిపాల్ గారు వరండాలో వెళుతూ ఆ హోరు విని తలుపు దగ్గర ఆగిపోయారు.

"ఏంటండీ మాస్టారూ, ఇది క్లాసా, సంతా?"

"సంతేనండీ" అన్నారు అన్నయ్యగారు ఎంతో వినయంగా.

ప్రిన్సిపాల్ గారి మొహం ఎర్రబడింది. తనతో పరాచికాలాడుతున్నారనుకున్నారు. నేను పక్క క్లాసులోంచి పరుగెత్తుకుని వచ్చి, ఆయన చెప్పేది బుధవారం కూరగాయల సంత గురించి కాదనీ, వేదం సంత గురించనీ విడమరచి చెప్పాల్సి వచ్చింది. ప్రిన్సిపాల్ గారు తల ఊపి వెళ్లిపోయారు. ఆ తరవాత చాలా రోజులు "సంతకి టైమైందండోయ్" అని అన్నయ్యగారిని నేనే క్లాసుకి పంపించేదాన్ని.

పరీక్ష మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులోనే పెట్టారు. కాపలాకి మనుషులు లేరు. ఒక్కో కంప్యూటర్ మీద ఒక్కో కెమెరా. రాసేవాళ్ల చూపు పక్కకి పోతున్నదా, పెదవులు కదులుతున్నాయా, గదిలో మాటలు వినిపిస్తున్నాయా అని కనిపెట్టేది ఏఐయే. దాన్ని గురించి చదివి, దాని కాపలాలోనే రాయాలన్నమాట. అన్నయ్యగారు నా పక్క వరసలోనే కూర్చున్నారు. దండం పెట్టుకుని మొదలుపెట్టారు.

నేను సగం దాకా రాశానో లేదో, ఆయన కంప్యూటర్ టింగుమంది. తల తిప్పకూడదు గనక ఓరకంట చూశాను. తెర మీద ఎర్రటి అక్షరాలతో ఒక హెచ్చరిక వచ్చింది. మీరు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కనిపిస్తోంది, అలా చేయకూడదు అని.

ఆయన కళ్లు తెరిచి, అది చదువుకుని, కాస్త కంగారుపడి కంప్యూటర్‌తోనే అన్నారు: "లేదండీ. ఎవరితోనూ మాట్లాడట్లేదండీ."

మళ్లీ టింగుమంది. మాట్లాడవద్దు, ఇదే ఆఖరి హెచ్చరిక అని వచ్చింది.

"ఆయ్, మాట్లాడనండీ" అన్నారు ఆయన, తల వంచి, పెద్దవాళ్లకి మాట ఇస్తున్నట్టు.

తెర నల్లబడిపోయింది. పరీక్ష రద్దయింది.

మావైపు ఎవరైనా ఒక మాట అంటే మారు పలక్కుండా ఊరుకోవడం తెలియదు. ఆయ్ అనకపోతే అవతలి మనిషిని చిన్నబుచ్చినట్టే. ఆయన ఆ యంత్రాన్ని చిన్నబుచ్చలేకపోయారు. ఆ తరవాత ఈ సంగతి చెప్పగా విన్నవాళ్లంతా కడుపుబ్బా నవ్వారు. నేనూ ఒకటి రెండుసార్లు నవ్వుతూనే చెప్పాను. కానీ ఆ రోజు ల్యాబులో, నల్లటి తెరలో తన మొహమే కనిపిస్తుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆయన్ని చూసి నాకు ఏడుపొచ్చింది.

బయటికొచ్చాక చెట్టు నీడన నిలబడి, ప్రశ్నలు నేను అడుగుతుంటే జవాబులన్నీ వరసగా చెప్పారు. ఒక్కటీ తప్పలేదు.

యూనివర్సిటీకి ఫోన్ చేసింది నేనే. అవతల మాట్లాడినాయన మంచివాడే, విసుక్కోలేదు. రికార్డింగ్ చూసి, "సార్ మొదటి నుంచీ పెదాలు కదుపుతున్నారు మేడం. ఎవరో సాయం చేస్తున్నారని సిస్టం అనుకుంటుంది" అన్నాడు.

"ఆయనకి ఆయనే సాయం చేసుకుంటున్నారండీ. వాళ్లది వేదం చదివిన కుటుంబం. పైకి అనుకుంటే గానీ ఆయనకి గుర్తు రాదు."

"అర్థమైంది మేడం. కానీ వేదం అని రాయడానికి ఇందులో చోటు లేదండీ. ఇంకో అవకాశం ఇప్పించగలను. ఈసారి మాత్రం పెదవి కదలకూడదు."

నేను గొంతు పెంచాను. నాలుగు మాటలు అన్నాను. చదువొచ్చినవాడా లేదా అని చూడ్డానికి పరీక్ష పెట్టారా, నోరు కట్టేసుకోగలడా అని చూడ్డానికి పెట్టారా అని అడిగాను. అంతా విని, "నేనేం చెయ్యనండీ" అన్నాడు. అతను చెయ్యగలిగింది నిజంగానే ఏమీ లేదు. ఎవరి మీద అరవాలో కూడా తెలియకపోవడం నాకు అలవాటు లేని బాధ.

ఇక ఆ నెలంతా అన్నయ్యగారు నోరు మూసుకోవడం సాధన చేశారు. ఆ మాట రాస్తుంటేనే నాకు ఏదోలా ఉంది. సాయంత్రాలు అమలాపురంలో వాళ్లింటికి వెళ్లి ఎదురుగా కూర్చుని ప్రశ్న అడిగేదాన్ని. పెదవి కదిలితే వేలెత్తేదాన్ని. మొదట్లో ఎత్తిన వేలు దించే పని ఉండేది కాదు. వదినగారు పంటి కింద లవంగం పెట్టుకోమన్నారు. అది నమిలేసి వల్లె వేసేవారు. పెదవులు బిగబట్టగలిగిన రోజున మెడ మీద నరం ఉబికి, లోపల నాలుక కదులుతున్నట్టు తెలిసిపోయేది.

"కెమెరాకి నాలుక కనపడదు లెండి" అన్నాను ధైర్యం చెబుతూ.

"అది కదలడం కూడా మానితే మంచిదేమో" అన్నారు ఆయన. క్లాసులో ఎంత బుద్ధిమంతుడైన పిల్లాడూ అంత కష్టపడడం నేను చూడలేదు. పాపం చివరికి సాధించారు. మొహం మీద ఏ కదలికా లేకుండా అరగంట కూర్చోగలిగారు. ఆ అరగంటలో జవాబులు ఎన్ని వస్తున్నాయని మాత్రం నేను గట్టిగా అడగలేదు. అడగాలంటే భయమేసింది.

రెండోసారి పరీక్షకి యూనివర్సిటీ సెంటరుకే రమ్మన్నారు. నేనూ వెళ్లాను. దారంతా ఆయన బస్సు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. గోదావరి వంతెన మీదికి వచ్చినప్పుడు మాత్రం చేతులు జోడించి ఏదో శ్లోకం మొదలుపెట్టి, చటుక్కున పెదవులు బిగించేశారు. నన్ను చూసి, "అలవాటు తప్పకూడదు కదమ్మా" అని నవ్వారు. నేను నది వైపు తిరిగాను.

పరీక్ష అయ్యాక ఆయన మెట్లు దిగి వస్తుంటే ఎదురెళ్లాను. "టింగుమందా అన్నయ్యగారూ?" అని అడిగాను.

"లేదమ్మా. ఒక్కసారి కూడా అనలేదు. చాలా బుద్ధిగా కూర్చున్నాను."

"మరి రాశారా?"

ఆయన జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. "ప్రశ్న చూడగానే తెలిసింది. ఇది నాకొచ్చు అని కూడా తెలిసింది. కానీ ఎత్తుకోవడానికి మొదటి మాట దొరకలేదమ్మా. నోరు మూసుకుంటే నాకు ఏమీ రాదు." కాస్త ఆగి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగారు. "నువ్వు నోరు మూసుకునే రాశావు కదా. అవి లోపల ఎక్కడుంటాయమ్మా? ఎలా కనపడతాయి నీకు?"

మొదటిసారే పాసైనదాన్ని నేను. ఆయన చెప్పిన ఆ తొడపాశం మాటలే మార్చి రాసి పాసయ్యాను.

ఫలితాలు వచ్చాయి. ఆయన ప్రవర్తనలో ఏ దోషమూ లేదని వచ్చింది, మార్కులు మాత్రం చాలలేదు. ఏడాది ఆఖరున కాలేజీ వాళ్లు శాలువా కప్పారు. ప్రిన్సిపాల్ గారు ఆయన సేవల గురించి చక్కగా మాట్లాడారు. అది నటన కాదు. ఆ మర్నాడు నేను వాళ్లింటికి వెళితే వదినగారు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయారు. అంతర్వేది వైపు ఎవరింట్లోనో పారాయణకి మనుషులు కావాలని ఎవరో కబురు పెట్టారట.

"వెళ్లొచ్చు కదండీ, అక్కడ ఎవరూ నోరు మూసుకోమనరు" అన్నాను.

"సగంలో వదిలేసినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని వెళ్లనమ్మా? వేదం మధ్యలో మానిపించారు, అదేమంటే ఇంజనీరింగులో బతుకుంది అన్నారు. అది మూసేశారు. ఈ ఏఐ నేర్చుకుందామంటే ఆ వేదంలోంచి మిగిలిన గొణుగుడే అడ్డొచ్చింది." కోపంగా కాదు, లెక్క చేసి చూపిస్తున్నట్టు చెప్పారు. నాకు మాత్రం ఆ కాలేజీని, ఆ యూనివర్సిటీని, ఆ కెమెరాల్ని తీసుకెళ్లి గోదాట్లో కలిపేయాలన్నంత కోపమొచ్చింది. కాఫీ చల్లారిపోయింది.

సెలవులు అయ్యాక ఆయన సెక్షను నాకిచ్చారు. మొదటి రోజే ప్లేస్‌మెంట్లు చూసే మేడం నా దగ్గరికి వచ్చింది. కంపెనీలు పెట్టే పరీక్షలన్నీ ఇప్పుడు కెమెరా ముందేననీ, ముందుగా ఒక నమూనా పరీక్ష పెట్టి చూస్తే ఆ సెక్షనులో సగంమంది పెదాలు కదుపుతున్నారని ఏఐ మధ్యలోనే తీసేసిందనీ చెప్పింది. "మీరే ఈ అలవాటు మాన్పించాలి మేడం. లేకపోతే పిల్లల ఉద్యోగాలు పోతాయి" అంది. ఆమె చెప్పింది నిజమే.

క్లాసులోకి వెళ్లి పాఠం మొదలుపెట్టాను. మొదటి వాక్యం చెప్పి ఆగానో లేదో, క్లాసంతా దాన్ని అందుకుని రెండుసార్లు అన్నారు. నేను అడగలేదు. వాళ్లకి అది అలవాటు. కొందరు కళ్లు కూడా మూసుకున్నారు. ఆ హోరు ఆగేదాకా బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను.

తరవాత వాళ్ల వైపు తిరిగి, "ఇకమీదట అలా పైకి అనకండి. మనసులో చదువుకోండి. పెదవి కదలకూడదు" అన్నాను.

ముందు వరసలో ఉప్పలగుప్తం అమ్మాయి లేచి నిలబడింది. "సారు అలాగే అనమన్నారండీ. అంటేనే వస్తుందన్నారండీ."

"వద్దమ్మా. ఉద్యోగాలు కావాలంటే వద్దు."

"ఆయ్" అని కూర్చుంది. నేను రెండో వాక్యం చెప్పాను. పిల్లలంతా పెదవులు బిగించుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో నాకు తెలియలేదు. గదిలో చప్పుడు లేదు. ఆయన్ని కాలేజీలోంచి పంపింది యూనివర్సిటీ. ఆ క్లాసులోంచి పంపింది మాత్రం నేనే.